మోరీ గోడలో గడప

ఊళ్లు తగలబడ్డ గడబిడలప్పుడు కూలగొట్టిన మోరీని, అంటే కింద నీళ్లు పోయే చిన్న వంతెనను, కోదాడ బాటలో మళ్లీ కడుతున్నారు. రాయి, సున్నం సరిగా ఉన్నాయో లేదో చూడటం నా పని. చేరి నెల కూడా కాలేదు.

గుత్తేదారు మనుషులు పక్క ఊళ్లో కాలిపోయిన ఇళ్ల రాళ్లను బండ్ల మీద తోలారు. ఈ రోజు ఆ కుప్పలో ఒక పొడుగాటి రాయికి మసి కింద పసుపూ కుంకుమా కనిపించాయి. నాకు విసుగొచ్చింది. అక్కడే ఉన్న కూలి లచ్చమ్మను పిలిచి, "గిట్లుంటే సున్నం పట్టదు, మంచిగ కడుగు" అన్నాను.

ఆమె నీళ్లు పోసి కడిగింది. పసుపు వదలకపోతే గడ్డితో తోమింది. అంతా పోయాక మెల్లగా అంది: "ఇది మా ఇంటి గడప అయ్యా. ఇల్లు కాలినంక గిదొక్కటే మిగిలింది. పైన పెట్టకుండ్రి, అందరు తొక్కుతరు. జర గోడల పెట్టిపియ్యుండ్రి."

గోడలోనే పెట్టించాను. రాయి బాగుందని పుస్తకంలో రాసి సంతకం కూడా చేశాను. కానీ ఆమె ఏళ్ల తరబడి రాసిన పసుపును ఆమె చేతులతోనే కడిగించింది నేనే కదా!

రాయిని సుత్తితో కొట్టి చూడటం నాకు నేర్పారు. అది ఎవరిదని అడగాలని ఎవరూ చెప్పలేదు. మీరైతే అడిగేవారా?