సోడా నీళ్ళలో పోయిన అంచు

2008లో నాకు బెంగళూరు నగర్తపేటలో అమోనియా ప్రింట్ల అంగడి ఉండేది. ఇంజినీర్లు ట్రేసింగ్ కాగితం మీద గీసిన ప్లాన్లను రోలర్ల మెషీన్‌లో పెట్టి, అమోనియా ఆవిరి తగిలించి నకళ్ళు తీసేవాణ్ణి. ఆ ఘాటుకు ముక్కు మూసుకుని పారిపోయినవాళ్ళే గానీ, ఇదెలా జరుగుతుందని అడిగినవాళ్ళు లేరు, ఒక్క గంగమ్మ తప్ప.

గంగమ్మ పక్క సందులో నూలుకు రంగులు వేసేది. ఒకరోజు గుడ్డలో చుట్టిన ట్రేసింగ్ తెచ్చింది. చనిపోయిన భర్త గీసిన చీర అంచు గ్రాఫ్ అది, గడికొక పోగు లెక్కన. ఈ గ్రాఫ్ ప్రకారం రంధ్రాలు కొట్టి మగ్గానికి కట్టే అట్టల్ని ఎలుకలు కొరికేశాయట. కొత్త అట్టలకు రంధ్రాలు కొట్టేవాడు అదే కొలతలో నకలు కావాలన్నాడట.

“కూతురు ఈ అంచే నేస్తానంటా ఉండాదప్పా. ఇంకో కాగితం లేదు,” అంది.

కాగితం అప్పడంలా పెళుసుబారి ఉంది. జెరాక్స్ వాళ్ళు ముట్టుకోలేదట. నా రోలర్లలో పెడితే పొడే. కాదని చెప్పలేక, పనిముట్లన్నీ అందరూ వాడుకునే ఒక షెడ్డులో ఎండతో ప్రింట్లు తీయడం నేర్పుతున్నారని విని, ఆదివారం ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాను.

నేర్పేది సునీత టీచరు. ఆ పద్ధతిని సైనోటైప్ అంటారు. ఇనుప లవణాలున్న ద్రావణాన్ని కాగితానికి పూసి, ఆరబెట్టి, పైన ట్రేసింగ్ పరిచి, అద్దం మోపి ఎండలో పెడతారు. వెలుగు తగిలినచోట నీలం, గీతల కింద తెలుపు. తర్వాత నీళ్ళలో కడగడమే. ఏళ్ళ తరబడి నకళ్ళు తీసినవాణ్ణి, చిన్నపిల్లాడిలా గడియారం చూస్తూ అద్దం దగ్గరే కూర్చున్నాను.

అంచు అద్భుతంగా పడింది. కానీ అద్దం ఎత్తగానే ట్రేసింగ్ పెళపెళా ముక్కలైంది. ఇక మిగిలింది ఈ నీలం కాగితమే. కడిగాం. నేను సునీతతో మాట్లాడుతుండగా గంగమ్మ చివరి నీళ్ళు తానే మార్చింది. తిరిగి చూసేసరికి నీలం పోతోంది. కళ్ళముందే కాగితం పసుప్పచ్చగా పాలిపోయింది.

“ఏం వేశావక్కా?”

“సోడా. పాత్రలు తోమేది ఈడ ఉండాది కదా. నూలుకు రంగు నిలవాలంటే ఆఖర్న సోడా వేస్తాం కదప్పా!”

“అయ్యో, నాశనం చేశావు కదా!” అని అరిచాను. ఆమె తల దించుకుంది. నా నోరు పడిపోనూ అనుకున్నాను.

సునీత మెల్లగా చెప్పింది: “సోడాకు నీలం విరిగిపోతుంది. ఇనుము మాత్రం కాగితంలోనే మిగులుతుంది.”

గంగమ్మ తల ఎత్తింది. “ఇనుమా? అట్లయితే ఏడుపెందుకు? మా అత్త నల్ల రంగు ఇనుము, కరక్కాయతోనే కదా చేసేది!”

దగ్గుకు బుగ్గన పెట్టుకునే కరక్కాయలు ఆమె సంచిలోనే ఉన్నాయి. దంచి, మరిగించి, చల్లార్చి వడకట్టి, మంచినీళ్ళలో మరోసారి కడిగిన కాగితాన్ని అందులో ముంచింది. పసుపు మీద మెల్లగా మసక కమ్మింది. అరగంటకు నలుపు మీద తెల్లగా, గడి గడీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా అంచు తేలింది.

“ఎన్ని గ్రాములు వేశారమ్మా?” సునీత పుస్తకం తెరిచింది.

“గ్రాములెవరికి తెలుసు తల్లీ! నీళ్ళు టీ రంగుకు వచ్చేదాకా.”

సునీత అదే రాసుకుంది. నేనూ రాసుకున్నాను. దారిలో గంగమ్మను క్షమించమన్నాను. “ఊరికే ఉండప్పా, నేనూ భయపడినా,” అని నవ్వింది.

ఆ తర్వాత అంగడికి ఎవరు కాగితం తెచ్చినా, అది తీసుకునే ముందు నేను ఒక్కటి అడిగేవాణ్ణి: “మీరేం పని చేస్తారు?” కొందరు చిరాకుపడేవారు. కానీ ఆ రోజు గంగమ్మ భర్త గీత నా ఇరవయ్యేళ్ళ పనితనంతో నిలవలేదు. నేను అరిచి నోరు మూయించబోయిన మనిషికి తెలిసిన పనితో నిలిచింది.