రెండో టికెట్

మొన్న కల్యాణదుర్గంలో బస్సెక్కి కూర్చోగానే అలవాటు కొద్దీ నోటు చాపి, అనంతపురానికి రెండు కొట్టమన్నాను. కండక్టరు నవ్వి, "ఆడోళ్లకు దుడ్లు అవసరం లేదు గదా తాతా, నీకొక్కనికే కొడ్తాండా" అని మిషను నొక్కి, నాకో టికెట్టూ నా భార్యకు సున్నా అచ్చయిన టికెట్టూ ఇచ్చి ముందుకు పోయాడు. ఆడవాళ్లకు ఉచితం వచ్చినప్పటినుంచీ ప్రతిసారీ ఇదే తంతు. ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటుంది గానీ, ఆ సున్నా చూస్తే నాకు మనసులో ఎక్కడో గుచ్చుకుంటుంది. ఉన్న పని ఉన్నట్టుండి ఊడిపోయి ఇంట్లో కూర్చున్న నా ఈడువాళ్లకు అదెందుకో చెప్పాలనిపించింది.

నేనూ ఒకప్పుడు కండక్టరునే. కంబదూరుకు అవతలి మా పల్లె నుంచి పొద్దున బయలుదేరి, అనంతపురం పోయి సాయంత్రానికి తిరిగొచ్చే ప్రైవేటు బస్సులో పద్నాలుగేళ్లు చేశాను. భుజాన తోలు సంచి, చెవి మీద పెన్సిలు, ఫుట్‌బోర్డు మీద ఒంటికాలు, పెళ్లికొడుక్కి కూడా అంత దర్జా ఉండదనుకునేవాణ్ణి. మా ఇంటామె ఎక్కితే టికెట్ అడిగేవాణ్ణి కాదు, ఓనరూ ఏమనేవాడు కాదు. డ్రైవరు వెనక సీటు ఆమెదేనని ఊరంతా అనుకునేవారు.

వరుసగా వానల్లేక శనక్కాయ పంటలు పోయి, ఉన్న కాస్త జనమూ జీపులకూ ఆటోలకూ మరిగాక, ఓనరు బస్సును పర్మిట్‌తో సహా అమ్మేశాడు. కొన్నాయన తన అల్లుణ్ణి కండక్టరుగా పెట్టుకున్నాడు. బస్సే పోయుంటే బాగుండేది, బస్సు ఉంది, నేను పోయాను. అదే బస్సు, అదే హారను, పోయేదీ మా గుమ్మం ముందు నుంచే. అది మలుపు తిరిగే వేళకు లోపలి గదిలోకి పోయి గోడకు మొహం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఊళ్లోవాళ్లు మాత్రం పాత అలవాటుగా నన్నే, "ఏమప్పా, బస్సొచ్చే టయిమైనాదా?" అని అడిగేవారు. నోరు మూసుకోవచ్చు గదా, నిమిషాలతో సహా చెప్పేవాణ్ణి. ఆ ఏడు మేము తిన్నదంతా మా ఇంటామె కూలికి పోయి తెచ్చిందే.

అప్పుడు అనంతపురంలో ఉన్న మా బావమరిది కబురు పంపాడు, స్పేర్ పార్టుల షాపు శెట్టి ఒక మనిషి కోసం చూస్తున్నాడని, సోమవారం వచ్చి కనబడమని. ఉతికిన చొక్కా తొడుక్కుని స్టాపులో నిలబడ్డాను. బస్సు ఆగింది. కొత్త కండక్టరు నన్ను చూసి, "రా అన్నా, ఎక్కు. నీకు టికెట్టేముందిలే" అన్నాడు. మంచికే అన్నాడు పాపం. కానీ అన్నేళ్లలో నేను జాలిపడి ఊరికే ఎక్కించుకున్నవాళ్లంతా ఒక్కసారిగా గుర్తొచ్చారు. ఎవరికోసమో చూస్తున్నానని చెప్పి వెనక్కి తిరిగాను. గురువారానికల్లా ఆ పని ఇంకొకరికి పోయింది.

ఇంట్లో బస్సు తప్పిపోయిందని చెప్పాను. పద్నాలుగేళ్లు ఆ బస్సులో బతికినవాడు ఆ మాటంటే ఎవరు నమ్ముతారు? స్టాపులో జరిగింది అప్పటికే ఆమె చెవిన పడిందని నాకు తర్వాత తెలిసింది. కంబదూరు దాకా నడిచిపోయి వేరే బస్సు పట్టుకోవచ్చు గదా అని మీరనవచ్చు. ఆ దారిన తిరిగే కండక్టర్లంతా నన్ను ఎరిగినవాళ్లే, అందరూ అదే మాట అంటారని భయం. ఊరు దాటకుండా ఇంకో రెండు నెలలు అలాగే గడిపాను. ఎవరూ కట్టెయ్యలేదు, తాళం వెయ్యలేదు, అయినా కదల్లేకపోయాను.

బావమరిది మళ్లీ కబురు పంపాడు, ఈసారి టైర్ల షాపు. ఆ పొద్దున ఆమె కూలికి పోకుండా మంచి చీర కట్టుకుని, నా చొక్కా అందించి, పద అంది. బస్సు ఆగింది. కండక్టరు నోరు తెరవకముందే కొంగు ముడి విప్పి, "అనంతపురానికి రెండు కొట్టప్పా. మేము ఊరికే పొయ్యేవాళ్లం కాదు" అంది. ఆ బస్సులో ఆమె టికెట్ కొనడం అదే మొదలు. డ్రైవరు వెనక సీటు ఖాళీగానే ఉన్నా అటు చూడకుండా, వెనక వరసలో నా పక్కన కూర్చుంది. అనంతపురం వచ్చేదాకా నేను తలెత్తలేదు. ఏడ్చాను కూడా, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ రోజు పని దొరకలేదు. తర్వాత చూద్దామన్నాడు టైర్ల షాపాయన, ఆ తర్వాత అనేది రావడానికి నాలుగు నెలలు పట్టింది. కానీ ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో, ఆమె ఇచ్చిన డబ్బులతోనే అయినా, టికెట్లు నేనే అడిగాను. షాపులో మొదటి జీతం అందిన నాటినుంచీ ఏ బస్సెక్కినా ఆమె టికెట్ నా చేత్తోనే కొన్నాను.

ఇప్పుడా బస్సు లేదు, తోలు సంచులు లేవు, టికెట్ చించే చప్పుడూ లేదు. ఆడవాళ్లు ఎవరినీ అడక్కుండా ఊళ్లు తిరిగొస్తున్నారు. మా ఇంటామె వారం వారం గార్లదిన్నెలో ఉన్న చెల్లెలింటికి పోయొస్తోంది, కొంగు ముడి విప్పే పనే లేదు, నాకూ సంతోషమే. అయితే ఆమె కోసం నేను మానకుండా చేసిన పని ఆ టికెట్ కొనడమొక్కటే. ఈ వయసులో నాకు రెండోసారి పని ఊడినట్టుంది. వచ్చే వారం కదిరికి పోవాలి. కండక్టరు నవ్వుతాడని తెలుసు, అయినా రెండే అడుగుతాను.