చేపల తొట్టి, పదకొండు గ్లాసుల పాలు

అల్వాల్‌లో మా ఇంటి పెరట్లో చేపల తొట్టి ఉంది. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. కొలతలు నావి. ఆ మాట చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడను.

మేస్త్రీ రెండడుగుల లోతు చాలన్నాడు. "గింతంత చేపలకు గంత గుంత ఎందుకమ్మా? మీరు సుత ఈత కొడ్తరా ఏంది?" అని నవ్వాడు. రైల్వే వర్క్‌షాపులో పంపులు బాగుచేసి రిటైరైన మా ఆయన కూడా మేస్త్రీ పక్షమే. నేను ఒప్పుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా శనివారం సత్సంగానికి వెళ్తున్నదాన్ని. రాజుగారి దోసిట్లోకి వచ్చిన చేపపిల్ల కథ ఎన్నిసార్లు విన్నానో! కమండలంలో వేస్తే కమండలం చాలలేదు, కుండలో వేస్తే కుండ చాలలేదు, ఆఖరికి చెరువూ చాలలేదు. అందరూ అందులో స్వామి మహిమ చూస్తారు. నేనూ చూస్తాను. కానీ ఆ రోజు మేస్త్రీ టేపు పట్టుకుని నిలబడితే, అందులో నాకొక కొలత కూడా కనబడింది. చేపను ఇంటికి తెచ్చుకునేవాళ్ళు ఇవాళ్టి చేపకు కాదు, రేపటి చేపకు చోటు చూడాలి.

కార్ఖానా ఏరియాలో రంగు చేపలు అమ్మే దుకాణాయన కూడా అదే అన్నాడు. "కోయి చేప ఇప్పుడు వేలెడే ఉంటది. జెర ఓపిక పట్టుండ్రి, మూరెడైతది. లోతు లేకుంటే ఎండకాలం ఉడికిపోతయ్." మా ఆయన నా వైపు చూసి, "నీ పురాణం పనికొచ్చిందే," అన్నాడు. సత్సంగం అంటేనే మోకాళ్ళ నొప్పి గుర్తొచ్చే మనిషి ఆయన.

ఆ తర్వాత ఆయనకే పట్టుదల పెరిగింది. కొత్త సిమెంటు సున్నం నీళ్ళలోకి దిగితే చేపలు బతకవని, తొట్టినిండా నీళ్ళు పెట్టి అరటిబోదె ముక్కలు వేసి నానబెట్టాడు. పారబోసి మళ్ళీ నింపాడు. అలా మూడుసార్లు. రెజిమెంటల్ బజార్‌కు వెళ్ళి మోటారు, గొట్టాలు తెచ్చాడు. రెండు నీలం డ్రమ్ముల్లో స్పాంజీ, గులకరాళ్ళు నింపి ఫిల్టరు కట్టాడు. నీళ్ళు ఆ డ్రమ్ముల్లోకి వెళ్ళి, శుభ్రపడి, చిన్న ధారగా తొట్టిలో పడతాయి. ఎండ పడకుండా పైన ఆకుపచ్చ వల. నల్లా నీళ్ళలో మందు వాసన పోయేదాకా వారం రోజులు ఊరికే ఉంచి, నాలుగు చిన్న కోయి చేపల్ని వదిలాడు. ఆ ముందు శనివారమే నేను సత్సంగంలో గర్వంగా చెప్పేశాను: "వచ్చే వారం పారాయణం మా ఇంట్లో, కొత్త తొట్టి దగ్గర. గంగపూజ చేద్దాం. అందరూ తలా ఒక గ్లాసు పాలు తెండి."

నాకు శనివారం దాకా ఆగబుద్ధి కాలేదు. బుధవారం ఏకాదశి. మా ఆయన బయటికి వెళ్ళినప్పుడు పాలు, పెరుగు, తేనె, నెయ్యి, చక్కెర కలిపి చెంబెడు పంచామృతం తొట్టిలో పోసి, పసుపు చల్లి, దండం పెట్టుకున్నాను.

గురువారం తెల్లవారేసరికి నీళ్ళు తెల్లగా విరిగినట్టున్నాయి. వాసన. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. రెండు అప్పటికే పక్కకు ఒరిగిపోయాయి.

మా ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సగం నీళ్ళు తోడిపోసి, సంపులో నిలవ ఉంచిన నీళ్ళు కలిపి, గాలి కొట్టే మిషన్ పెట్టాడు. "నీ దేవునికి అభిషేకమైంది గాని, వీటికి ఊపిరాడలే," అన్నాడు అంతే. చచ్చిన రెండింటినీ మల్లెపాదులో నేనే పూడ్చాను. నమ్మి నా చేతిలోకి వచ్చిన ప్రాణాలు. స్వామి ముందు కూర్చుంటే ఆ రోజు జపం సాగలేదు.

శుక్రవారానికి మిగిలిన రెండూ తేరుకున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, రేపు పదకొండు మంది పాలు తెస్తారని. "ఫోన్ చేసి వద్దని చెప్పు," అన్నాడు మా ఆయన. ఫోన్ తీశాను, పెట్టేశాను. మా సత్సంగానికి పెద్ద, నాకు అక్షరం అక్షరం పారాయణం నేర్పిన పెద్దమ్మగారికి "పాలు తేవద్దు" అని ఎలా చెప్పను? ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి కార్ఖానాలో స్థిరపడిన మనిషి. ముప్ఫై ఏళ్ళలో ఆవిడకు ఒక్కసారి ఎదురు చెప్పలేదు.

శనివారం సాయంత్రం అందరూ మూతలున్న స్టీలు గ్లాసులతో వచ్చారు. పెద్దమ్మగారు ఇంట్లోకి కూడా రాకుండా నేరుగా తొట్టి దగ్గరికి నడిచి మూత తీశారు. నేను అడ్డం నిలబడ్డాను.

"తప్పుకోవే అమ్మాయ్, చెయ్యి లాగేస్తోంది."

"పోయొద్దండి, పెద్దమ్మగారూ."

"ఏవిటీ?"

వెనక నుంచి మా వీధిలోనే ఉండే ఆవిడ అందుకుంది. "ఏందక్కా గిట్లంటవ్? మొన్న నువ్వే తెమ్మంటివి గద! పాలాయనతోని కొట్లాడి చిక్కటివి పోయించుకొచ్చిన."

"తెమ్మన్నా, తప్పు నాదే. మొన్న నేను పోసిన చెంబెడు పంచామృతానికే రెండు చేపలు చచ్చిపోయినయ్."

పెద్దమ్మగారి ముఖం ముడుచుకుంది. "పాలు పోస్తే చావడవేంటే? గోదాట్లో పొయ్యటల్లేదూ?"

"అది పారే నీరండి. ఇది నిలవ నీరు. మీరు చెప్పిన కథే కదండీ, రాజుగారి దోసిట్లో ఆ చేపపిల్ల ఏమడిగింది? నన్ను కాపాడమంది. పాలు అడగలేదు."

"నాకే పాఠం చెప్తున్నావా?"

"మీ పాఠమే మీకు అప్పజెప్తున్నానండి." గట్టు ముందు నుంచి నేను కదలలేదు.

ఆవిడ గట్టు మీదికి వంగి, మిగిలిన రెండు చేపల్నీ చూశారు. తర్వాత గ్లాసుకు మూత పెట్టి, మా ఆయన వైపు తిరిగారు. "ఈ డ్రమ్ములేవిటయ్యా?"

మా ఆయన చెప్పడం షురూ చేశాడు. రాళ్ళకు కంటికి కనబడని జీవులు పట్టాలని, చేపల మలినాన్ని అవే తింటాయని, పాలు పడితే ఇంకో రకం పుట్టి నీళ్ళలోని గాలంతా లాగేస్తాయని. పావుగంట చెప్పాడు. ఎవరూ దగ్గలేదు, ఎవరూ ఫోన్ చూడలేదు.

"ఇన్నేళ్ళూ ఈయన్ని ఎందుకు తీసుకురాలేదే?" అన్నారు పెద్దమ్మగారు.

"పిలిచింది పెద్దమ్మా, నేనే తప్పించుకున్న," అన్నాడు ఆయన, తల గోక్కుంటూ.

పదకొండు గ్లాసుల పాలూ ఒకే గిన్నెలో పడి పరమాన్నమయ్యాయి. తొట్టి గట్టు పక్కన చాపలు పరిచాం. ఆ చేప కథను మా సత్సంగంలో ఎప్పుడూ పెద్దమ్మగారే చదువుతారు. ఇంకెవరికీ ఇవ్వరు. ఆ సాయంత్రం పుస్తకం నా ఒళ్ళో పెట్టి, "నువ్వు చదువు," అన్నారు.

చేపపిల్ల రాజుగారి దోసిట్లోకి వచ్చేదాకా చదివాను. మధ్యలో తలెత్తి చూస్తే ఎవరూ నన్ను చూడటం లేదు, అందరి కళ్ళూ తొట్టిలోనే ఉన్నాయి. రెండు చేపలూ ధార కిందికి వచ్చి, నోళ్ళు మూసుకుని, నింపాదిగా తిరుగుతున్నాయి. నేను చదవడం ఆపాను. చదవమని ఎవరూ తొందరపెట్టలేదు.