ఆ రోజు మిషన్‌లో ఊదిందెవరు?

నేను నర్సుని. పోయినవాళ్ల కళ్లు మూసి బంధువులకి అప్పగించడం నా ఉద్యోగంలో భాగం. మార్చురీకి ఒక్కదాన్నే వెళ్లొచ్చేదాన్ని. దయ్యాల కబుర్లు చెప్పే తోటి నర్సుల్ని చూసి నవ్వేదాన్ని కూడా.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేడ్చల్ దగ్గర ఒక ఆసుపత్రిలో పనిచేశాను. అక్కడ ఒక కొత్త మందు ట్రయల్ జరుగుతుండేది. ఊపిరితిత్తులు మచ్చలు కట్టి, నెలనెలకీ గట్టిపడిపోయే జబ్బుకి ఆ మందు. సగంమందికి అసలు మందు, మిగతావాళ్లకి అచ్చం అలాగే కనిపించే ఉత్తి బిళ్ల. ఎవరికి ఏది వెళ్తోందో మాకూ తెలియదు, డాక్టరుగారికీ తెలియదు.

శామీర్‌పేట యాదయ్యగారు ఆ ట్రయల్‌లో ఉన్నారు. కండ్లకోయలో కాలేజీ బస్సు నడిపిన మనిషి. మా మేడమెట్లు ఎక్కడానికి మూడుచోట్ల ఆగేవారు. ఊపిరి కొలిచే మిషన్‌లో ఊదమంటే సగంలోనే దగ్గుతో వంగిపోయేవారు.

ఒకరోజు నా చెయ్యి పట్టుకుని అడిగారు.

"నాకిస్తున్నది అసలు మందేనా బిడ్డా? నిజం జెప్పు."

తెలియదనాలి. రూల్ అదే. ఆ ముఖం చూసి అనలేకపోయాను.

"అసలు మందే బాబాయ్. దిగులు పెట్టుకోకండి" అన్నాను.

తర్వాత మూడు నెలలకి, ఆయన రావలసిన రోజున, పదకొండింటికి వచ్చారు. పక్కన ఎవరూ లేరు. ఆయాసం లేదు. నేను గొట్టం అందిస్తే ఒక్క దమ్ములో చివరిదాకా ఊదారు. మిషన్‌లోంచి వచ్చిన కాగితం మీద గీత, మంచి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి వచ్చేలాంటిది.

"ఇయ్యాల మంచిగొచ్చింది గద?" అన్నారు.

సంతోషం పట్టలేక పక్కగదిలో ఉన్న డాక్టరుగారికి చూపించడానికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ. కింద వాచ్‌మన్‌ని అడిగితే అలాంటి పెద్దాయన రాలేదన్నాడు.

వాళ్లింటికి ఫోన్ చేశాను. ఆయన కూతురు సుజాత ఎత్తింది.

"బాపు పొద్దుగాల ఆరింటికే పాణం ఇడిసిండు సిస్టర్" అంది.

మిషన్ చెడిపోయిందన్నారు డాక్టరుగారు. చెడిపోతే చెడిపోవచ్చు, కానీ ఆ పొద్దున అందులో ఇంకెవరూ ఊదలేదు. ఫైల్లో పెట్టొద్దంటే ఆ కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. అలాంటి కాగితం మీద అచ్చు నిలవదు. రెండేళ్లకే తెల్లబడిపోయింది.

నాలుగోరోజు శామీర్‌పేట వెళ్లాను. సుజాత మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

"మీరు అసలు మందేనని జెప్పిన్రంట గద. సికింద్రాబాద్‌ల ఇంకో డాక్టర్‌కి సూపిస్త, రా బాపూ అంటే రాలే. సిస్టర్ జెప్పింది, నాకేం గాదు అన్నడు."

ఆయనకి వెళ్తున్నది ఏ బిళ్లో తెలియకుండానే అలా చెప్పానని ఒప్పుకున్నాను. ఆమె తిడితే బాగుండేది.

"నీళ్లు తాగుండ్రి" అంది, అంతే.

వాళ్ల నాన్న ఆ రోజు వచ్చి ఊదారని ఆమెకి అప్పుడు చెప్పలేకపోయాను, తర్వాతా చెప్పలేదు. నేను చూసిందెవరినో, ఆ ఊపిరి ఎవరిదో తెలిస్తే కదా, చెప్పడానికి.