చెయ్యందే దూరం

ఎనభైల మొదట్లో, అమెరికా వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం కాలిఫోర్నియా ద్రాక్షతోటల మధ్య సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాను. దారిలో ఒక పాత మిషన్ చర్చి దగ్గర ఆగి నీళ్లు తాగాను. అరవై దాటిన ఒక తెల్లాయన కూడా తన సైకిల్‌ను గోడకు ఆనించి అక్కడే కూర్చున్నాడు. ఒకరినొకరు చూసి తల ఊపుకున్నాం, అంతే.

మళ్లీ బయల్దేరేటప్పుడు రోడ్డు ఖాళీగా ఉంది. చిన్నప్పటి అలవాటు కొద్దీ ఎడమవైపే ఎక్కేశాను. పల్లంలో మలుపు తిరగ్గానే ద్రాక్షపళ్ల లారీ సరిగ్గా నా ఎదురుగా వచ్చింది. భయంతో ఇంకా ఎడమకే జరిగాను. అటు రాతిగోడ.

వెనకనుంచి ఎవరో నా చొక్కా పట్టుకుని కుడివైపుకు లాగారు. లారీ హారన్ మోగిస్తూ చెవి పక్కనుంచే పోయింది. ఇద్దరం రోడ్డు పక్క మట్టిలో పడ్డాం.

ఆ పెద్దాయనే; నా వెనకే సైకిల్ మీద బయల్దేరినట్టున్నాడు. తిడతాడనుకున్నాను.

"మీ దేశంలో ఎడమవైపా?" అన్నాడు.

అవునన్నాను.

"వార్ టైమ్‌లో, ఇంగ్లండ్‌లో, నా ఫ్రెండ్ ఇలాగే రాంగ్ సైడ్ వెళ్లాడు. నేను వాడి వెనకే ఉన్నాను. చెయ్యి అందలేదు."

నా చొక్కా ఇంకా ఆయన గుప్పిట్లోనే ఉంది. అది చూసుకుని, ఒక్కో వేలూ విప్పి వదిలాడు. నేను పేరైనా అడగలేదు.

ఇప్పుడు మా అమ్మాయి నాతో సైకిల్ మీద వస్తుంది. మలుపు దగ్గర వెనక్కి చూసి విసుక్కుంటుంది.

"డాడీ, అంత క్లోజ్‌గా రావద్దు."

"నువ్వు ముందు చూసి తొక్కు," అంటాను. దూరం మాత్రం పెంచను.