మొగుడి పేరు లేని కాగితం

వీధిలో అతన్ని మచ్చల మాస్టారు అంటారు. లాండ్రీ నడిపేవాడికి అంతకన్నా బిరుదేం కావాలి! చొక్కా చేతికి రాగానే అది సిరా మచ్చో, నూనె మచ్చో, ఎన్ని రోజులదో చెప్పేస్తాడు. ఎవరికి పొట్ట పెరిగిందో, ఎవరు సిగరెట్లు మళ్ళీ మొదలెట్టారో బట్టలే అతనికి చాడీలు చెబుతాయి. అలాంటి మనిషికి, భార్య ఎండాకాలంలో కూడా నిండు చేతుల బట్టలే వేసుకుంటోందని గ్రహించడానికి ఏడు నెలలు పట్టింది.

గ్రహించాక ఊరుకున్నాడా? ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆమె ఎక్కడికో వెళ్తోందని కూడా పసిగట్టాడు. ఇంకేం, కంటి మీద కునుకు కరువైంది. ఆ నిండు చేతుల బట్టలు ఎవరి కోసం? తన దగ్గర పెదవి విప్పని మనిషి ఎవరితో కబుర్లాడుతోంది? ఒక బుధవారం కొట్టుకు తాళం వేసి దొంగలా వెనకే వెళ్ళాడు. ఆమె ఒక మేడ ఎక్కింది. తలుపు మీద మానసిక వైద్యురాలి బోర్డు ఉంది.

పరాయి మగాడు కానందుకు స్థిమితపడాలి కదా. పడలేదు. బయట బెంచీ మీద కూలబడితే, తలుపు అవతల భార్య గొంతు వినిపిస్తోంది, మాటలు మాత్రం తెలియడం లేదు. ముప్పావుగంట మాట్లాడింది. ఇంట్లో వారం మొత్తానికి అన్ని మాటలుండవు. ఆ డాక్టరమ్మంటే అతనికి ఒళ్ళు మండిపోయింది.

బయటికొచ్చిన ఆమె అతన్ని చూసి తడబడలేదు. బెంచీ మీద పక్కనే కూర్చుని, ఎడమ చేతి మీది గుడ్డ కొంచెం పైకి లాగింది. అతను ఆ మచ్చల్ని ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు.

"ఎవరు చేశారు?"

"నేనే."

"ఎందుకే?"

"లోపలంతా మొద్దుబారిపోతుందండీ. పొద్దున్నే లేవబుద్ధి కాదు, ఏడుపు కూడా రాదు. నొప్పిలో ఆ మొద్దు విడినట్టుంటుంది. అదీ కాసేపే. ఆ వెంటనే సిగ్గు. ఆ సిగ్గుతో ఇంకా కుంగిపోతాను. ఇది దిగులు జబ్బట, తగ్గుతుందట. ఐదు వారాలైంది, నా చేతి జోలికి నేను పోలేదు."

ఐదు వారాలు! ఆ సంబరమైనా తనతో పంచుకోలేదు.

"ఆవిడకి చెప్పావు, నాకు చెప్పలేదు," అన్నాడు.

ఆమె సంచిలోంచి మడత కాగితం తీసి ఇచ్చింది. మనసు అదుపు తప్పేలా ఉంటే వెంటనే ఎవరికి చెప్పాలో రాసుకోమని డాక్టరమ్మ ఇచ్చిందట. మొదటి పేరు డాక్టరమ్మది. రెండోది సాక్షాత్తు అతని చెల్లెలిది. మూడో గీత ఖాళీ.

"మా చెల్లికి తెలుసా!"

"తెలుసు."

"మొగుణ్ణి నేను. నా పేరేదీ?"

"అందరికన్నా ముందు మీకే చెప్పానండీ, నాకేం బాగోలేదని. 'తిండికి లోటా, గుడ్డకి లోటా, నీకేం తక్కువ?' అన్నారు."

అన్నాడు. గుర్తుంది. భలే జవాబు చెప్పానని ఆ రోజు మురిసిపోయాడు కూడా. చెల్లెలి మీద అసూయ ఇంకా కొరుకుతూనే ఉంది, కానీ దాన్ని ఎవరి మీద కక్కాలో తోచలేదు.

"నువ్వు చెప్పినప్పుడు చెల్లి ఏమంది?"

"ఏమీ అనలేదు. వచ్చి నా పక్కన పడుకుంది."

కాగితం తిరిగి ఇవ్వబోతూ ఖాళీ గీత మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ... ఎప్పటికైనా రాస్తావా?"

ఆమె ఆ వేలి వైపు చూసింది, అతని వైపు చూసింది.

"రాస్తాను," అంది. "ముందు పెన్సిల్‌తో."