బొటనవేలంత సైన్యం

మా బాపు సూరత్ దగ్గర జోల్వాలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపేవాడు. కార్ఖానా వెనక వరుసగా కట్టిన గదులుండేవి, వాటిని అక్కడ చాలీ అంటారు. అందులో ఒక గది మాది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో గుజరాతీ. మూడు భాషలు వచ్చినా కూర్చుని మాట్లాడుకునే తోడు మాత్రం నాకు లేదు. ఆ చాలీలో చాలామంది మగవాళ్లు పెళ్లాం పిల్లల్ని ఊళ్లోనే వదిలి వచ్చినవాళ్లు. నా ఈడు ఆడపిల్ల ఒక్కతీ ఉండేది కాదు. మగపిల్లలు నన్ను క్రికెట్‌కు రానిచ్చేవాళ్లు కాదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు బాపు చిత్తుకాగితాల దుకాణం నుంచి హిందీ కామిక్స్ కట్ట ఒకటి తెచ్చాడు. ఆయనకు హిందీ మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. అట్ట మీద కండలు తిరిగిన మనిషి ఒకడు మేడ మీంచి దూకుతున్నాడు. అది చూసి దేవుడి కథ అనుకున్నాడట. అందులో దేవుళ్లు లేరు. పగలంతా మామూలుగా బతుకుతూ, ఎవరికైనా ఆపద వస్తే ముసుగు వేసుకుని బయల్దేరే మనుషులున్నారు. తామెవరో ఎవరికీ చెప్పుకోరు కాబట్టి వాళ్లకు స్నేహితులు తక్కువ. అందుకే నాకు నచ్చారేమో.

చిత్తుకాగితాల్లో వచ్చిన పుస్తకాలు కాబట్టి చాలావాటికి చివరి పేజీలు ఉండేవి కావు. వీరుడు శత్రువు చేతికి చిక్కిన చోట కథ తెగిపోయేది. తర్వాత ఏమైందో తెలియాలంటే నేనే జరిపించుకోవాలి. అట్టముక్కల మీద బొమ్మలు గీసి, కత్తిరించి, నిలబడటానికి కింద మైనం అద్దేదాన్ని. దారం అయిపోయిన కండెలు మేడలయ్యేవి. అమ్మ గోడకు ఆనుకుని చీరలకు రాళ్లు అంటిస్తుంటే, ఆమె పక్కనే నేల మీద నా నగరం లేచేది. రెండు పక్షాలూ నేనే ఆడేదాన్ని. ఎప్పుడూ వీరుడే గెలవటంతో విసుగు పుట్టి, చింతగింజల్ని సగానికి అరగదీసి పాచికలు చేసుకున్నాను. తెలుపు పడితే దెబ్బ తగిలినట్టు, నలుపు పడితే తప్పినట్టు. అప్పట్నుంచి వీరుడు ఓడిపోయే రోజులూ వచ్చాయి. అలాంటి రోజు నాకు అన్నం సహించేది కాదు.

ఎవరితో మాట్లాడుతున్నావని అమ్మ అడిగేది. ఎవరితోనూ కాదని చెప్పేదాన్ని.

చదువయ్యాక సూరత్‌లో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు వేసే పనిలో చేరాను. జోల్వా నుంచి రోజూ బార్డోలీ-సూరత్ బస్సులో వెళ్లివచ్చేదాన్ని. ఒకరోజు బస్సులో ఫోన్ చూస్తుంటే ఒక వీడియో వచ్చింది. ఎవరో బొటనవేలంత సిపాయి బొమ్మకు సన్నటి కుంచెతో కళ్లు దిద్దుతున్నాడు. తర్వాత అలాంటి బొమ్మల్నే బల్ల మీద బారులు తీర్చి, టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ ఇద్దరు యుద్ధం ఆడారు. నేను దిగాల్సిన చోటు దాటిపోయింది. నా ఆట లాంటిది నిజంగా ఒకటి ఉందని, పెద్దవాళ్లు ఎదురెదురుగా కూర్చుని దాన్ని ఆడతారని అప్పటిదాకా నాకు తెలియదు.

వెతగ్గా వెతగ్గా, సూరత్‌లోనే ఆల్థాన్ అనే పేటలో ఒక ఫ్లాట్‌లో ఆదివారాలు ఐదుగురు కలుస్తారని తెలిసింది. ఆ ఇల్లు రిటైరైన ఒక గుజరాతీ పెద్దాయనది. అందరూ ఆయన్ని కాకా, అంటే బాబాయ్ అనేవారు. భార్య పోయాక ఆయన భోజనాల బల్లను ఆటకే వదిలేశాడు. మొదటిరోజే తన బొమ్మల్లోంచి ఇంకా రంగులు వెయ్యని చిన్న సైన్యాన్ని నాకు అరువిచ్చి ఓపిగ్గా ఆట నేర్పాడు. వాటిని ఇంటికి తీసుకెళ్లి రంగులు వేసి తెచ్చాను. అమ్మతో పాటు రాళ్లు అంటించిన చెయ్యి కదా, వణకదు. కాకా భూతద్దం పెట్టి చూసి, ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. చెప్పలేదు. ఇంతలో ఆ ఐదుగురిలో ఒకడైన డాక్టరు, మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగాడు. బట్టల వ్యాపారం అన్నాను. నోటికి అలా వచ్చేసింది.

ఒక అబద్ధం ఆడాక దాన్ని కాపాడుకుంటూ కూర్చోవాలి. వాళ్లు ఇళ్ల గురించి, పిల్లల గురించి మాట్లాడుకుంటుంటే నేను తల వంచుకుని దూరాలు కొలిచేదాన్ని. టిఫిన్ల వేళకు ఏదో సాకు చెప్పి లేచేదాన్ని. ఎదురుగా ఆడే మనిషి దొరికినా నా ఒంటరితనం పోలేదు.

ఒక వానాకాలం ఆదివారం, ఖాడీ వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. ఫోన్ మోగకుండా పెట్టి సంచిలో పడేశాను కాబట్టి ఆ సంగతి నాకు తెలియదు. తలుపు కొట్టిన చప్పుడైతే కాకా తీశాడు. బయట బాపు నిలబడి ఉన్నాడు. ఆ ఆదివారం కూడా డ్యూటీ పడింది, దిగి బట్టలైనా మార్చుకోకుండా వచ్చాడు. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, తడిసిన జుట్టులో సాంచాల తెల్లటి నూగు. ఎవరిదో బండి అడిగి తెచ్చాడు. చేతిలో నా రెయిన్‌కోటు ఉంది.

ఈయనెవరని కాకా నన్ను అడిగాడు.

"మా చాలీలో ఉంటారు. అమ్మ పంపింది" అన్నాను హిందీలో.

చాయ్ తాగి వెళ్లమని కాకా బతిమాలాడు. బాపు చెయ్యి ఊపి, కింద ఉంటానని సైగ చేసి మెట్లు దిగిపోయాడు. బండి మీద జోల్వా దాకా ఆయన వెనక కూర్చుని వచ్చాను. సాంచాల మోతకు ఆయన చెవులు ఎప్పుడో మందగించాయి. ఇంట్లో గట్టిగా అరిస్తేనే వినిపించేది. నా మాట వినబడి ఉండదని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఆల్థాన్ వెళ్లలేకపోయాను. పని ఎక్కువగా ఉందని కాకాకు మెసేజ్ పెట్టాను. నాలుగైదు వారాలు చూసి, ఒక ఆదివారం మధ్యాహ్నం బాపు నా పక్కన కూర్చున్నాడు.

"ఆటకు పోతలేవేంది?"

పనుందని అరిచి చెప్పాను. ఆయన ఒక బొమ్మ తీసుకుని జాగ్రత్తగా తిప్పి చూశాడు.

"ఆ దినం నన్ను చాలీ మనిషన్నవు. గందుకేనా?"

"నీకు ఇనవడ్డదా బాపు?"

"ఇనవడుడేంది బిడ్డా. సాంచాల నడుమ ఎవల మాట ఇనవడుతది? మూతి జూసే తెలుసుకుంటం." బొమ్మ మీది రంగును వేలితో తడిమి, "నాకు కోపమేం లేదు. నా బట్టలు గూడ గట్లనే ఉండె" అన్నాడు.

తిట్టినా బాగుండేది. చెప్పాల్సింది అరిచి చెప్పే మాట కాదు. పెదాలు మాత్రం కదిపాను. తప్పయింది బాపు. ఆయన నా మూతి వైపే చూస్తున్నాడు. చూసి, తల ఊపి, బొమ్మను తీసినచోటే పెట్టాడు.

మరుసటి ఆదివారం ఆల్థాన్ వెళ్లి అందరి ముందూ చెప్పాను. ఆ రోజు వచ్చింది మా నాన్న అని, సాంచాలు నడుపుతాడని. అన్ని వారాలు నా గుండె మీద మోసిన మాట. డాక్టరు అవునా అని, ఇప్పుడు ఎత్తు మీదే కదా అన్నాడు. వాళ్లకు అది అంతే. కాకా మాత్రం ఆట అయ్యేదాకా ఆగి, ముఖం పోలిక చూసి అప్పుడే అనుకున్నానని మెల్లగా అన్నాడు. ఈసారి చాయ్‌కి తీసుకురమ్మన్నాడు.

బాపును రెండుసార్లు పిలిచాను. ఆదివారం ఒక్కనాడే నిద్ర దొరుకుతుందని, నన్ను వెళ్లిరమ్మని అన్నాడు. కోపం లేదనే చెప్పాడు. నేను మూడోసారి అడగలేదు.

కిందటేడు కాకా వడోదరలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్తూ తన సైన్యంలో సగం నాకిచ్చాడు. మిగిలినవాళ్లం డాక్టరు ఇంట్లో నెలకోసారి కలుస్తున్నాం, అదీ అందరికీ కుదిరితే. ఇప్పుడు టిఫిన్ల వేళకు లేచిపోను, కూర్చుని తింటాను. మిగతా ఆదివారాల్లో బాపు నిద్రపోతుంటే వాకిట్లో కూర్చుని బొమ్మలకు రంగులు వేస్తాను. ఇంకా చాలా మిగిలాయి.